నీకు రోత పుట్టాలని

ఆర్.కె. పురం,
ఆగస్టు 2006, ఆదివారం.

ప్రియమైన నాన్నకు,

నీ కూతురు ఆకలితోనూ కోపంతోనూ, అయినా ప్రేమతోనే రాస్తున్నది.

ఫోనులో అంతా బాగుందని చెప్పాను. ఏమీ బాగాలేదు. ఫోను హాల్లో ఉంటుంది, హాల్లో రెబ్కా అత్త ఉంటుంది. అందుకే ఈ కాగితం. పైగా నోటితో అన్నది గాలికి పోతుంది, రాసినదానికి మాత్రం రాసినవాళ్ళే పూచీ అని తెలుగు క్లాసులో అందరి ముందూ నాకు చెప్పింది నువ్వే.

దేశ రాజధానిలో కాలేజీ బాగుంది, ఇది నిజం. నువ్విచ్చిన నిఘంటువు దిండు పక్కనే పెట్టుకుని రోజూ కొన్ని మాటలు ఏరుకుంటున్నాను. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఎందుకో ఒకే జాతి మాటలు దొరుకుతున్నాయి: వెగటు, రోత, కంపరం, వికారం, ఏవగింపు. ఇన్నాళ్ళూ ఇవన్నీ ఒకటే అనుకునేదాన్ని. కావు నాన్నా. అత్త వంటింట్లో ఒక్కోదానికీ ఒక్కో గిన్నె ఉంది.

పొద్దున్నే కాకరకాయ రసం, గాజుగ్లాసులో, చిక్కటి ఆకుపచ్చ నురగతో. అది వికారం. తరువాత ఓట్సు. నీళ్ళలో ఉడికి, చల్లారి, గరిటె పైకెత్తితే తీగలా సాగి మళ్ళీ గిన్నెలోకే జారిపోతుంది. నోట్లో పెట్టుకుంటే ఇదివరకే ఎవరో నమిలి ఇచ్చినట్టు ఉంటుంది. అది కంపరం. మధ్యాహ్నం, రాత్రి ఆనపకాయ. తాలింపు లేదు, కారం లేదు, ఉప్పు ఉందో లేదో దేవుడికి తెలియాలి. తెల్లగా, మెత్తగా, జ్వరం వచ్చిన మనిషి అరచెయ్యిలా చెమ్మగా ఉంటుంది. అది వెగటు. అన్నం లేదు, గోధుమరవ్వ. చేపను కూడా ఆవిరి మీద ఉడకబెడుతుంది నాన్నా. చేప బూడిదరంగుకి తిరిగి, కన్ను తెల్లబడి, పళ్ళెంలోంచి నన్నే చూస్తుంది. ఆ చూపుకి మాట ఇంకా దొరకలేదు.

నాకు చేదంటే పడదని కాదు. నువ్వు బెల్లం ముక్క, చింతపండు వేసి చేసే కాకరకాయ పులుసు గిన్నె నాకి తిన్నదాన్నే కదా. చేదుని కూడా ముద్దు చెయ్యొచ్చని నీ దగ్గర చూశాను. ఇక్కడ తియ్యటి గుమ్మడికాయకి కూడా శిక్ష వేస్తారు.

అబిగెయిల్ కూర్చోగానే "మమ్మీ, ఫిర్ సే లౌకీ?" అంటుంది, మళ్ళీ ఆనపకాయేనా అని. తెలుగు అంతా అర్థమవుతుంది కానీ హిందీలోనే విసుక్కుంటుంది. నథానియేలు మామయ్యేమో, పై అధికారి పంపిన ఫైలు మీద సంతకం పెట్టినట్టు, చదవకుండా తినేస్తాడు. అత్త మాత్రం ఆసుపత్రి నుంచి వచ్చిన బట్టలతోనే నిలబడి వండుతుంది. నూనె ప్లాస్టిక్ చెంచాతో కొలుస్తుంది, గడియారం చూసి పొయ్యి కట్టేస్తుంది. ఒక్కసారి కూడా రుచి చూడదు. నువ్వు గరిటె లోంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని, నాలుకకి రాసుకుని, కళ్ళు మూసుకుని కానీ పొయ్యి ఆపవు. పక్కింటికి పంపే గిన్నె అయినా, చర్చి ప్రేమవిందుకి వండే డేగిసా అయినా, రుచి చూడనిది నీ చేతి నుంచి బయటికి పోదు. మీ ఇద్దరూ ఒక ఇంట్లోనే పుట్టారా అని అనుమానం వస్తోంది.

ఇక్కడ భోజనం ముందు ప్రార్థన వంతులవారీగా చెయ్యాలి. "రుచికరమైన ఆహారం ఇచ్చినందుకు స్తోత్రం" అని అందరూ అంటారు. నిన్న నా వంతు. అబద్ధం ఆడటానికి, అందునా దేవుడితో, నోరు రాలేదు. "ప్రభువా, నీవు కలుగజేసిన కూరగాయలు మంచివి. తరువాత వాటికి జరిగినదానిని క్షమించు" అన్నాను. మామయ్యకి పొలమారింది. అత్త కళ్ళు తెరవకుండానే, "ఆమేన్. తిను" అంది.

నాన్నా, నాకు రెండు కోరికలు. ఒకటి, ఎవరైనా ఇటు వస్తుంటే తినే వస్తువులు పంపు. రెండోది పెద్దది. మునీర్కాలో మా క్లాసు సరోజ పీజీలో ఉంటోంది. నన్నూ అక్కడికి వెళ్ళనివ్వు. అత్తకి నువ్వు చెబితేనే మర్యాదగా ఉంటుంది. ఆలోచించు.

నన్ను రైలెక్కించిన రోజు కొత్త చెప్పు కరిచిందన్నావు, మానిందా? శుక్రవారాలు ఉపవాస ప్రార్థనలో ఉంటున్నానని, అదే నీ షుగరుకి పథ్యమని రాశావు. మంచిది, ఓట్సు తినకుండా దొరికే పథ్యం అదొక్కటే.

నీ గారాల
అనూ

ఆర్.కె. పురం,
సెప్టెంబరు 2006.

నాన్నా, నా మంచి నాన్నా,

నీ పెట్టె అందింది. అందీ అందలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కమలాకుమారి ఆంటీ సెలవు నుంచి వస్తూ జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో మోసుకొచ్చింది. ఆవిడా అత్త ఆసుపత్రిలోనే నర్సు కనుక పెట్టెని తిన్నగా అత్త చేతికే ఇచ్చింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి హాల్లో బల్ల మీద తెరిచి ఉంది. కాజాలు, పూతరేకులు, ఎండురొయ్యల పొడి, ఉసిరికాయ పచ్చడి. ఇల్లంతా మన నర్సాపురం వాసన. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నోట్లోనూ.

అత్త మెల్లగా అడిగింది. "ఇవన్నీ ఎవరు రుచి చూసి కట్టారే?"

"నాన్నే" అన్నాను, గర్వంగా.

"మీ నాన్నే. పాకం సరిపోయిందో లేదో ఒక కాజా. నెయ్యి మంచిదో కాదో ఒక పూతరేకు. ఒకటితో ఆగుతాడా ఆయన? శుక్రవారం ఉపవాసమని మాత్ర కూడా మానేస్తాడు. ప్రార్థన అయ్యీ అవగానే ఆ పూట తిండీ ఈ పూట తిండీ కలిపి తింటాడు. దానికి పథ్యం అని పేరు. నువ్వేమో ఇక్కడి నుంచి జాబితా రాస్తావు."

నేను జాబితా రాయలేదన్నాను. తను వినడం లేదు. పెట్టెలో ఉన్నదంతా తీసుకెళ్ళి వంటింటి చెత్తబుట్టలో గుమ్మరించింది. పొద్దుటి ఆనపకాయ తొక్కల మీద, టీ పిప్పి మీద, నీ కాజాలు. పూతరేకులు ఆ తడికి నానిపోయి, చచ్చిన సీతాకోకచిలుకల రెక్కల్లా అంటుకుపోయాయి. అబిగెయిల్ "మమ్మీ, పాగల్ హో క్యా" అని, నీకేమైనా పిచ్చా అని ఏడ్చేసింది. ఆ బుట్టలోకి చూస్తుంటే నాకు ఏవగింపు అంటే ఏమిటో తెలిసింది. అది బుట్ట మీద కాదు, మనిషి మీద.

ఒక కాజాల పొట్లం మాత్రం కమలాకుమారి ఆంటీ సంచిలోనే ఉండిపోయిందట. మర్నాడు చర్చిలో నా చేతిలో పెట్టింది. క్వార్టర్ల వెనక పార్కులో కూర్చుని, అత్త మీద కసితో, ఒకదాని మీద ఒకటి తినేశాను. మొదటిది నువ్వు. రెండోది కూడా నువ్వే. తరువాత ఎవరూ లేరు నాన్నా, ఒట్టి పాకం. వేళ్ళు అంటుకుంటున్నాయి, పెదాలు అంటుకుంటున్నాయి, గొంతులో నూనె పేరుకుంది, అయినా ఆపలేదు. ఆఖరికి వేపచెట్టు మొదట్లో అంతా కక్కేశాను. చీమలు ఎంత తొందరగా వస్తాయో. నువ్వు కట్టి పంపిన తీపి మీద నాకు రోత పుట్టింది. ఆనపకాయ ఒక వైపు నుంచీ కాజా మరో వైపు నుంచీ వచ్చి నా నాలుకని చెరిసగం పాడుచేశాయి. ఇందుకు నీ చెల్లెలిని నేను క్షమించలేను.

తినడమంటే ఇక్కడ రెండే దారులు. భయపడుతూ మింగడం, లేదా దొంగతనంగా కుక్కుకోవడం. మన ఇంట్లో మూడో దారి ఉండేది. అమ్మ పోయాక కూడా నువ్వు దాన్ని మూసెయ్యలేదు.

అందుకే చెబుతున్నాను. మునీర్కా గది చూసొచ్చాను. గాలి వస్తుంది, కింద ఒక కేరళ ఆవిడ అన్నం, చేపలకూర పెడుతుంది. నువ్వు "సరే" అని ఒక్క మాట రాయి, సామాను సర్దుకుంటాను. "అత్త మనసు నొచ్చుకుంటుంది" అని మాత్రం రాయకు. ఆవిడ మనసుకి కూడా తాలింపు లేదు.

చెప్పు కరిచిన చోట ఇంకా మానలేదు కానీ నొప్పేమీ లేదని, ఈగలు వాలకుండా మేజోళ్ళు వేసుకుని బడికి వెళుతున్నానని రాశావు. ఈ ఉక్కలో మేజోళ్ళేమిటి నాన్నా, పిల్లలు దొరబాబు అని పేరు పెట్టరూ?

కోపంగా, నీ మీద కాదు,
అనూ

ఆర్.కె. పురం,
అక్టోబరు 2006.

నాన్నా,

ఈ ఉత్తరం పళ్ళెంలో అన్నం పెట్టుకుని, దాని ముందు కూర్చుని చదువు. నీకు రోత పుట్టాలనే రాస్తున్నాను. నేర్చుకున్న మాటలన్నీ ఇందుకే వాడుతున్నాను.

నిన్న అత్త ఫోనులో నీ మీద ఎందుకు అరిచిందో నీకు అర్థం కాలేదు. "మందు రాసుకుంటున్నాను, ఈ శుక్రవారం ప్రార్థన అయ్యాక చూద్దాంలే" అని పెట్టేశావు.  ఆవిడ చెబితే నర్సు భయం అంటావు. నేను చెబితే వింటావేమో, అందుకే ఇది స్పీడ్‌పోస్టులో పంపుతున్నాను.

మొన్న పొద్దున్న అత్త కళ్ళద్దాలు మర్చిపోయి డ్యూటీకి వెళ్ళింది. కాలేజీకి వెళుతూ ఇచ్చేసి పొమ్మన్నాడు మామయ్య. ఆవిడ పనిచేసేది షుగరు ఉన్నవాళ్ళ పుళ్ళకి కట్టు మార్చే గదిలో. ఆ సంగతి తెలుసు కానీ ఆ మాటకి లోపల ఏముందో నాకు తెలియదు. తలుపు దగ్గరికి వెళ్ళకముందే వాసన వచ్చింది. మందుల వాసన కాదు. చేపల సంతలో మధ్యాహ్నం దాకా అమ్ముడుపోనివి కుప్పగా పోస్తారే, దాని మీద ఎవరో అత్తరు చల్లినట్టు, కుళ్ళులోనే ఒక తీపి. ఆ తీపే భరించలేనిది. కాజా తిన్నప్పుడు గొంతులో పేరుకున్న తీపి నాకు గుర్తొచ్చింది.

బల్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. బస్సు డ్రైవరట. నీ వయసే. నవ్వుతూ ఉన్నాడు. అత్త "భయ్యా, పైర్ ఊపర్ కీజియే" అని కాలు పైకి పెట్టించి మేజోడు తీసింది. మేజోడు ఊడి రాలేదు, అతుక్కుపోయింది. నీళ్ళు పోసి తడిపి, కొంచెం కొంచెంగా లాగింది. కింద పసుపుపచ్చగా, చిక్కగా ఉడికిన ఓట్సులా ఉంది. చిటికెన వేలు నల్లగా ఉంది. వేలు అనడానికి లేదు, ఎండిన ఖర్జూరంలా వేలాడుతోంది. దాని మొదట్లో పుండు కదిలింది. పుండు కదలదు కదా అని వంగి చూశాను. పురుగులు నాన్నా. తెల్లవి. అత్త పట్టకారుతో ఒక్కొక్కదాన్నే తీసి పళ్ళెంలో వేస్తుంటే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ క్రికెట్ కబుర్లు చెబుతున్నాడు. ఆయనకి తెలియడం లేదు. నొప్పి లేదు.

ఎలా మొదలైందని అత్త అడిగింది. ఆయన అన్నమాట నా చెవిలో ఇంకా ఉంది. "జూతా కాట్ గయా థా సిస్టర్, బస్."

చెప్పు కరిచింది, అంతే.

నేను బయటికి పరిగెత్తి వాష్‌బేసిన్‌లో కక్కుకున్నాను. ఇంతకాలం ఆనపకాయకి, ఓట్సుకి నేను ఖర్చు పెట్టిన మాటలన్నీ తలుచుకుని సిగ్గేసింది. అవి ఇందుకోసం దాచుకోవలసిన మాటలు.

అత్త వచ్చి నా మొహం కడిగింది. పక్క గదిలో కూర్చోబెట్టి తన డబ్బా తీసింది. అదే రవ్వ, అదే ఉడికిన ఆనపకాయ. గోడ వంక చూస్తూ తింటోంది. ఇక్కడ ఎలా తినగలుగుతున్నావు అత్తా అన్నాను.

"రుచి తెలిస్తే కదే తినలేకపోవడానికి" అంది.

అప్పుడు చెప్పింది, నువ్వు నాకెప్పుడూ చెప్పనిది. షుగరుతో తాతయ్య కాలు తీసేశారని తెలుసు. తీసేముందు ఇంట్లో కట్టు కట్టింది అత్త అని తెలియదు. అప్పుడు తను నర్సింగు చదువుతోందట. పొద్దున్నే కట్టు మార్చి, చేతులు కడుక్కుని వచ్చేసరికి నాన్నమ్మ పులుసు దించేదట. తాతయ్య ఆ మంచం మీదే కూర్చుని "ఇంకాస్త అన్నం పెట్టవే" అనేవాడట. ఆ రెండు వాసనలూ ఆవిడ ముక్కులో కలిసిపోయి మళ్ళీ విడిపోలేదు. పులుసు మరిగితే ఆ మంచం కనబడుతుంది. అందుకే వాసన రానివే వండుతుంది, రుచి చూడదు. మేమంతా దాన్ని ఆరోగ్యం అనుకుంటున్నాం. అది కొంత ఆరోగ్యం, చాలా మటుకు భయం.

"మరి మేమేం చేశాం అత్తా?" అన్నాను.

"మీ కాళ్ళు మీకుండాలి" అంది.

నేను పీజీకి వెళ్ళాలనుకున్న సంగతి అప్పుడు చెప్పలేదు. ఆ డ్రైవరు మాట మాత్రం చెప్పాను. నాన్నకి కూడా చెప్పు కరిచింది అత్తా, జూలైలో, మేజోళ్ళు వేసుకుంటున్నాడు అన్నాను. ఆవిడ చెంచా కింద పెట్టింది. "నొప్పి ఉందన్నాడా?" అంది. లేదన్నాడు అన్నాను, ధైర్యం చెబుతున్నాననుకుని. అత్త డబ్బా మూసేసింది. లేవబోయి మళ్ళీ కూర్చుంది. "నొప్పి లేదన్నాడా" అని ఇంకొకసారి అంది, నన్ను కాదు, గోడనే.

మనం అనుకునేదానికి ఇది తలకిందులు నాన్నా. నొప్పి ఉంటే నయమట. నొప్పి లేని పుండునే నమ్మకూడదట.

నీ ఉపవాసం దేవుడికి అందుతుంది, నాకు అనుమానం లేదు. కానీ మాత్ర మానెయ్యమని ఆయన అడగలేదు. సాయంత్రం పళ్ళెం నింపుకోమనీ అడగలేదు. నీకు తిండి మీద ప్రేమ ఉందని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నాను. ప్రేమ ఉంటే చివరిదాకా తినగలిగేలా చూసుకోవాలి కదా. నువ్వు రేపటి తిండి కూడా ఇవాళే తినేస్తున్నావు.

ఇప్పుడు లేచి, అద్దం నేల మీద పెట్టి, మేజోడు తీసి అద్దం మీదుగా పాదం ఎత్తి పట్టుకుని చూడు. ఇదంతా అబద్ధమైతే నాకు మళ్ళీ ఉత్తరం రాయకు, పడతాను. నిజమైతే శుక్రవారం దాకా ఆగకు. ధర్మయ్య మాస్టారిని తోడు తీసుకుని ఆ రోజే విజయవాడ వెళ్ళి రైలెక్కు. అత్త స్టేషనుకి చక్రాల కుర్చీతో వస్తుంది. ఆ కాలు నేల మీద పెట్టొద్దంది. చెప్పులు వేసుకోవద్దంది.

మునీర్కా గది వద్దని సరోజకి చెప్పేశాను.

భయంతో,
అనూ

ఆర్.కె. పురం,
నవంబరు 2006.

వార్డులో ఉన్న నాన్నకు,

ఈ ఉత్తరం క్యారియర్ మూత కింద వస్తుంది. మామయ్య తెస్తున్నాడు. నాకు ఇవాళ పరీక్ష, సాయంత్రం వస్తాను.

ముందు నీకో తిట్టు. నీ పక్కమంచం ఆయన కొడుకు తెచ్చిన గులాబ్‌జామ్ డబ్బా వైపు నువ్వు చూసిన చూపు నిన్న నేను చూశాను. చిటికెన వేలు పోయి ఇంకా కట్టు కూడా ఆరలేదు. ఆ డబ్బా మూతకి అంటిన పాకంలో ఈగ కాళ్ళు కొట్టుకుంటూ ఉంటే, ఆ కొడుకు దాన్ని వేలితో తీసి పారేసి అదే వేలు నాకాడు. నాకు రోత పుట్టింది. నీకు నోరూరింది. మనిద్దరిలో ఎవరో ఒకరు మారాలి, నేను మారను.

వేలితో పోయింది, పాదం నిలిచింది అని డాక్టరు అన్నప్పుడు అత్త కారిడార్‌లో గోడకి ఆనుకుని ఏడ్చింది. నువ్వు చూడలేదు. ఇంకొక్క శుక్రవారం గడిచి ఉంటే అని ఆవిడ అనబోయి ఆపేసింది.

ఇప్పుడు వంట సంగతి. ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. కాకరకాయ రసం నాకు ఇప్పటికీ రోతే, చచ్చేదాకా రోతే, ఆ మాట దేవుడి ముందు కూడా అంటాను. కానీ రసం ఎందుకు, పులుసు చేద్దాం అన్నాను. బెల్లం వద్దంది. సరే వద్దు, ఉల్లిపాయ ఎర్రగా వేయిద్దాం, దానికదే తియ్యదనం వస్తుంది అన్నాను. నూనె కొలవనిచ్చాను. రవ్వ ఉండనిచ్చాను. ఓట్సు మాత్రం ఇంట్లోంచి వెళ్ళిపోయాయి. అబిగెయిల్ స్వయంగా సాగనంపింది.

నిన్న ఐ.ఎన్.ఏ. మార్కెట్‌కి అత్తతో కలిసి వెళ్ళాను. అక్కడి బురద, పొలుసులు, రక్తపు నీళ్ళు తొక్కుకుంటూ, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని నేను; నర్సు బూట్లతో చకచకా ఆవిడ. శీలావతి చేప కొన్నది. మొప్పలు ఎత్తి చూసి కొన్నది నాన్నా, నువ్వు చూసినట్టే.

పై గిన్నెలో ఉన్నది ఆ చేపల పులుసు. నువ్వు పోసే నూనెలో మూడోవంతు కూడా లేదు. చింతపండు ఉంది, మెంతులున్నాయి, నువ్వు ఒకసారి చెప్పినట్టు ఎండబెట్టిన మామిడి ముక్క కూడా వేశాను. కింది గిన్నెలో గోధుమరవ్వ, కొంచెమే. మళ్ళీ అడిగితే పెట్టొద్దని నర్సులందరికీ అత్త చెప్పి ఉంచింది. నెమ్మదిగా తిను. ఒక్కో ముక్కా చాలాసేపు తిను.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. పులుసు మరుగుతున్నప్పుడు అత్త బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది. నేను పిలవలేదు. గిన్నె దించి క్యారియర్‌లో పొయ్యబోతుంటే వెనక నుంచి వచ్చి గరిటె తీసుకుంది. ఒక చుక్క అరచేతిలో వేసుకుంది. చాలాసేపు దాన్ని అలా చూసింది. మొహం చిట్లించింది, ఇక ఉమ్మేస్తుందనుకున్నాను. నాలుకకి రాసుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఉప్పు చాలలేదే" అంది.

నీ అనూ